లైంగిక విద్యకు కులం లేదా?

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినరోజు మా సైన్సు సారు పుస్తకం మూసేసి "ఇది ఇంటికాడ చదువుకోండి. పరీక్షలో బొమ్మ అడుగుతారు, గీయటం నేర్చుకోండి, చాలు" అన్నారు. వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు. ముందు బెంచీల్లో మేము తలలు దించుకున్నాం. ఇంటికాడ ఎవరి దగ్గర చదువుకోవాలి? మా ఇండ్లలో బడి మొఖం చూసిన మొదటి తరం మేమే. పైగా మాలో సగంమందిమి ఇంటికాడ కూడా లేము, సంక్షేమ హాస్టల్లో ఉన్నాం. బొమ్మ గీశాం, భాగాలు గుర్తించాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మ మా ఒంట్లోదేనని చెప్పినవాళ్లు మాత్రం లేరు.

నిజానికి మాకు అసలు పాఠం అంతకుముందే అయిపోయింది. పెద్దమనిషి అయినప్పుడు అమ్మ చెప్పింది: "ఇగ పటేండ్ల తోట దిక్కు ఒక్కదానివి పోకు బిడ్డా. ఎవరన్న పిలిచినా నిలబడకు. పొద్దుగూకక ముందే ఇంట్ల ఉండాలె." కూలికి పోయే తల్లి కూతురికి చెప్పగలిగిన లైంగిక విద్య అంతే, మూడు మాటలు. అందులో అండం లేదు, శుక్రకణం లేదు. కానీ ఏ దారి ఎవరిదో, పిలిచేవాడు ఎవడో, పిలిస్తే కాదనే ధైర్యం ఎవరికి ఉండదో, అన్నీ ఉన్నాయి. అంటే అమ్మ చెప్పిన పాఠంలో కులం ఉంది. సారు వదిలేసిన పాఠంలో కులం లేదు. ఆయన వదిలేయకుండా చెప్పినా ఉండేది కాదు, ఎందుకంటే పుస్తకంలోనే లేదు.

మేము ఈ వ్యాసంలో వాదించేది ఇదే. పిల్లలకు లైంగిక విద్య చెప్పాలా వద్దా అని ఈ దేశంలో చాలాకాలంగా తగువు నడుస్తున్నది. చెప్పాలనే వాళ్లూ, వద్దనే వాళ్లూ ఇద్దరూ ఊహించుకున్న పిల్లలు ఒక్కరే. ఆ పిల్లకు సొంత గది ఉంటుంది, స్నానాల గదికి గడియ ఉంటుంది, అడిగితే చెప్పగల తల్లీతండ్రీ ఉంటారు. ఆ పిల్ల ఒంటికి కులం ఉండదు. వాడలో, గూడెంలో, హాస్టల్లో పెరిగే పిల్లలు ఆ తగువులో ఎక్కడా కనపడరు. వాళ్ల ఒళ్లు మాత్రం ఇంకో చోట కనపడుతుంది: సూది వేసేటప్పుడు, ఆపరేషన్ చేసేటప్పుడు, పోలీసు కేసు రాసేటప్పుడు.

రెండు ఇండ్ల తగువు

2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ వంటి రాష్ట్రాలు ఆ పుస్తకాలు మా బడుల్లో వద్దు పొమ్మన్నాయి. బొమ్మలు బూతుగా ఉన్నాయన్నారు. మన సంస్కృతి చెడిపోతుందన్నారు. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ దాకా పోయింది. దానికి అధ్యక్షుడు మన తెలుగు నాయకుడే, ఎం. వెంకయ్య నాయుడు. 2009 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ బడుల్లో లైంగిక విద్య ఉండరాదని తేల్చింది. పెళ్లికి ముందు సంబంధం అనైతికమనీ, ఆరోగ్యానికి చెరుపనీ పిల్లలకు చెప్పాలంది. సాధువుల, జాతీయ నాయకుల జీవితాలు చదివించాలంది.

ఏ సంస్కృతి చెడిపోతుంది? మేము అడుగుతున్నాం. ఇదే తెలుగునేల మీద మాదిగ, మాల పిల్లల్ని పెద్దమనిషి కాకముందే ఎల్లమ్మకో పోతరాజుకో ఇచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత ఊరి పెద్దలకు అప్పజెప్పారు. తెలంగాణలో జోగిని అన్నారు, రాయలసీమలో బసివి అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేయటానికి 1988 దాకా పట్టింది. చట్టం వచ్చాక కూడా అది ఒక్కనాటితో పోలేదు. "పెళ్లికి ముందు వద్దు" అనే నీతివాక్యం ఆ పిల్లకు ఏం చెపుతుంది? ఆమెకు పెళ్లి అయిపోయింది, దేవుడితో. ఆమె ఒంటిమీద హక్కు మాత్రం ఊరిది. ఈ సంస్కృతిని కాపాడటానికే లైంగిక విద్య వద్దంటున్నారంటే, వాళ్లు కాపాడేది ఎవరిని అనేది తేటతెల్లమే.

సరే, రెండో పక్షం సంగతి చూద్దాం. వీళ్లు సైన్సు అంటారు, హక్కులు అంటారు. వీళ్లు మాకు దగ్గరివాళ్లే, కాదనం. కానీ వాళ్ల కార్యక్రమం పుట్టింది ఎయిడ్స్ భయంలోంచి. ఒంటి గురించి పిల్లలకు ప్రభుత్వం చెప్పిన మొదటి సంగతి అది రోగాల పుట్ట అని. ఆ తర్వాత 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలన్నారు, 11 అంశాలు నిర్ణయించారు. అందులో ఎదుగుదల ఉంది, పోషకాహారం ఉంది, స్త్రీపురుష సమానత్వం ఉంది, హింసనుంచి రక్షణ ఉంది, ఇంటర్నెట్ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఇవన్నీ అవసరమే. కానీ 11 అంశాల్లో కులం ఒక అంశం కాలేదు. ఈ దేశంలో ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చు, ఎవరు ఎవరిని పెళ్లాడొచ్చు, ఎవరిని చెరిచినా అడిగేవాడుండడు అనేవి నిర్ణయించేదే కులం. అది లేకుండా ఒంటి పాఠం రాయటం నీళ్ల ఊసు లేకుండా చేపల గురించి రాసినట్టుంది.

సందేహాలు ఎవరివి?

తెలుగులో ఈ విషయాలు ఎవరూ మాట్లాడలేదని కాదు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం శీర్షిక మా అన్నల తరానికంతా తెలుసు. మంగలి షాపులో తమ వంతు వచ్చేదాకా కూచుని చదివి, ఎవరన్నా వస్తే పేజీ తిప్పేసేవాళ్లు. హస్తప్రయోగం వల్ల బలం పోదు, మొదటి రాత్రి రక్తం రాకపోతే ఆడపిల్ల చెడ్డది కాదు వంటి సంగతులు తెలుగు మగవాడికి చెప్పటం చిన్న పని కాదు. ఆ డాక్టరు గోరా కొడుకు. కులాంతర వివాహాలు జరిపించిన నాస్తిక కేంద్రం కుటుంబం. అయినా ఆ శీర్షికకు ఉత్తరం రాయాలంటే రాయను రావాలి, పత్రిక కొనాలి, మంగలి షాపులో కూచోనివ్వాలి. ఆడపిల్లలకు ఆ షాపు లేదు. చాలా ఊళ్లలో మా మగపిల్లలకూ లేదు, రెండు గ్లాసులు పెట్టిన ఊళ్లలోనే మంగలి కత్తికి కూడా కులం ఉండేది.

తొంభైల మొదట్లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు రాసిన ‘సవాలక్ష సందేహాలు’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఆడవాళ్లే తెలుగులో రాసిన పుస్తకం. యూనివర్సిటీకి వచ్చాక లైబ్రరీలో చదివాం. చదివి సంతోషించాం, కోపం కూడా వచ్చింది. కోపం ఆ పుస్తకం మీద కాదు. అది రాసేనాటికి మేము చంటిపిల్లలం. మాకు అవసరమైన వయసు వచ్చేనాటికి ఆ పుస్తకం అచ్చులోనే ఉంది, మా హాస్టల్లో మాత్రం లేదు. హాస్టల్లో ఉన్నది పదో తరగతి అక్క. మాకు గుడ్డ ఎట్లా మడిచి పెట్టుకోవాలో, ఉతికి ఎక్కడ ఆరేస్తే ఎవరికీ కనపడదో, కడుపునొప్పికి ఏం చేయాలో చెప్పింది ఆమె. ఆమెకు తెలిసింది చెప్పింది, తెలియనిది కూడా చెప్పింది. నేప్‌కిన్ కొనేందుకు డబ్బులు లేని పిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు బడి ఎగ్గొట్టేవాళ్లు. హాజరు తక్కువైందని తిట్లు తినేవాళ్లు. ఆ తిట్లు తిట్టిన టీచరమ్మకు కారణం తెలియదని మేము అనుకోము.

అంటు, ముట్టు, మైల

తెలుగులో ఒంటి గురించి మాట్లాడటానికి రెండు భాషలున్నాయి. ఒకటి సంస్కృతం, రెండోది తిట్టు. ప్రత్యుత్పత్తి, రజస్వల, ఋతుచక్రం, స్ఖలనం అనేవి బడి మాటలు. వాడలో పొద్దున లేస్తే వినపడేవి ఇంకో రకం మాటలు. అవి నోటినుంచి వస్తే బడిలో వీపు పగులుతుంది. మా తల్లులకు కాన్పుల గురించి, కడుపు నిలవటం గురించి, కడుపు పోవటం గురించి తెలిసినదంతా ఈ రెండో భాషలోనే ఉంది. అందుకే ఆ తెలివికి బడిలో విలువలేదు. పిల్లకు తెలిసిన మాట బూతు, తెలియని మాట పాఠం. మరి ఏ భాషలో నోరు తెరిచి అడగాలి?

ఇంకొంచెం లోపలికి పోదాం. బహిష్టు అయిన ఆడదాన్ని ‘ముట్టు’ అంటారు. తాకటానికీ అదే మాట. ‘అంటు’ అన్నా అంతే, తాకితే అంటుకునే మైల. ఈ అంటులోంచే అంటరానితనం వచ్చింది. అంటువ్యాధి కూడా ఇందులోంచే వచ్చింది. ఆడదాని నెత్తురుకూ, మాదిగ మాల ఒంటికీ, రోగానికీ తెలుగు సమాజం ఒకే వేరునుంచి మాటలు పుట్టించింది. ఇది కాకతాళీయం అని భాషాశాస్త్రవేత్తలు చెప్పినా మేము ఒప్పుకోము. అగ్రవర్ణ స్త్రీ మూడురోజులు బయట కూచుంటే నాలుగోరోజు తలస్నానం చేసి ఇంట్లోకి వస్తుంది. మేము ఏ నీళ్లు పోసుకుంటే ఊళ్లోకి రావచ్చు? ఆమె మీద మైల నెలకు మూడురోజులు, మా మీద పుట్టినకాడినుంచి. ఈ తేడా చెప్పకుండా బహిష్టు పాఠం చెప్పేవాళ్లు సగం పాఠమే చెపుతున్నారు. "బహిష్టు మైల కాదు, సహజం" అని చెప్పే టీచరు, ఆ మైల అనే ఆలోచనే అబద్ధమని, మనిషిని మనిషి తాకితే మైలపడటం అనేది ఎక్కడా లేదని ఎందుకు చెప్పలేకపోతున్నది? అట్లా చెపితే పాఠం బహిష్టు దగ్గర ఆగదు. తన ఇంట్లో పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు దాకా వస్తుంది.

2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో 7నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 నేప్‌కిన్లు ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. మంచి పనే. ఆ పని మా చిన్నప్పుడు జరగలేదని బాధపడ్డాం. కానీ ఇట్లాంటి కార్యక్రమాలన్నిటిలో నడిచే మాట ‘పరిశుభ్రత’. శుభ్రంగా ఉండండి, వాడినది కాగితంలో చుట్టి బుట్టలో వేయండి అని చెపుతారు. పాఠం బుట్ట దగ్గర ఆగిపోతుంది. బుట్టలోంచి దాన్ని ఎవరు తీస్తారు? చేతికి తొడుగులు లేకుండా తడిచెత్తలోంచి ఏరి వేరు చేసేది ఎవరు? 2016 ఘనవ్యర్థాల నియమాలు నేప్‌కిన్లు తయారుచేసే కంపెనీలు చుట్టి పారేయటానికి సంచి కూడా ఇవ్వాలన్నాయి. చుట్టినా చుట్టకపోయినా ఎత్తే చేతుల కులం మారలేదు. బడిలో నేప్‌కిన్ తీసుకున్న పిల్ల తల్లే తెల్లారి మున్సిపాలిటీ బండి మీద వాటిని ఎత్తుతుంటే, ఆ పిల్లకు ఈ ‘పరిశుభ్రత’ ఏం నేర్పుతుంది? ఒకరి శుభ్రం ఇంకొకరి మైల మీద నిలబడుతుందని నేర్పుతుంది. పాఠం చెప్పకుండానే నేర్పుతుంది.

ఖమ్మంలో సూదులు

ఈ రాష్ట్రం మా పిల్లలకు గర్భాశయం గురించి పాఠం చెప్పలేదు గానీ, దానికోసం సూది మాత్రం వేసింది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి హెచ్‌పివి టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి టీకాలు వేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసి, దళిత, వెనకబడిన కులాల పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి మహిళా సంఘాలు గొడవచేశాక, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. టీకా పనికిరానిదని మేమూ అనటంలేదు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకుంటుంది, ఆ క్యాన్సరుతో చచ్చేది ఎక్కువగా పేద ఆడవాళ్లే. ఆ టీకా మా పిల్లలకు అందాలి.

మా ప్రశ్న వేరే. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఒక్కసారి ఆలోచించండి. తల్లికి తెలియదు. పిల్లకు తెలియదు. పిల్ల ఒంటికి వార్డెన్ సంతకం. గర్భాశయం అంటే ఏమిటో, ఆ రోగం ఎట్లా వస్తుందో, అది లైంగిక సంబంధం ద్వారా వచ్చే క్రిమి అని, ఈ సూది దేనికని, వద్దనవచ్చని ఆ పిల్లకు చెప్పాలంటే ముందు లైంగిక విద్య చెప్పాలి. అది చెప్పరు, సంస్కృతి చెడుతుంది. సూది వేస్తే సంస్కృతికి ఏమీ కాలేదు. పట్నంలో ఖరీదైన స్కూలు పిల్లల మీద ఇట్లా వార్డెన్ సంతకంతో ప్రాజెక్టు నడుస్తుందా?

ఇదొక్కటే కాదు. గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని 2015–16, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు రెండూ చూపించాయి. పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై రెండుకు పిల్లల ఆపరేషన్, ముప్పై దాటగానే తెల్లబట్ట అవుతుందని పోతే గర్భసంచి ఆపరేషన్. మా వాడల్లో ఇది ఒక ఆడమనిషి జీవితచరిత్ర. "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకది, క్యాన్సరు వస్తుంది" అని డాక్టరంటే తల ఊపి వచ్చిన మా అత్తలకూ, పిన్నమ్మలకూ, ఆ సంచి ఇంకా ఏమేం చేస్తుందో, పక్కనుండే అండాశయాలు తీస్తే ఏమవుతుందో పదిహేనేళ్లప్పుడు ఎవరన్నా చెప్పి ఉంటే, డాక్టరును ఎదురు అడిగేవాళ్లు. మేము లైంగిక విద్య కావాలనేది ఇందుకు. అది సంస్కృతి గొడవ కాదు, ప్రాణం గొడవ.

భయం, పెళ్లి, కేసు

2019–21 సర్వేలో 20నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15నుంచి 19 ఏళ్ల పిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశం మొత్తం మీద ఇది 6.8. ఈ అంకెలు చెప్పి అధికారులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ‘అవగాహన లేకపోవటం’ అంటారు. మా తల్లులకు అవగాహన లేక కాదు. ఉండబట్టే తొందరపడతారు. పెద్దమనిషైన పిల్లను పొలంలో, మిల్లులో, బడి దారిలో ఎవడు ఏం చేస్తాడో, చేస్తే పోలీస్ స్టేషన్‌లో ఏం జరుగుతుందో వాళ్లకు బాగా తెలుసు. మెడలో తాడు పడితే కొంత కాపు ఉంటుందని ఆశ. ఈ లెక్క తప్పు, పిల్ల బతుకు నాశనం చేసే లెక్క. కానీ ఆ భయం అబద్ధం కాదు. భయాన్ని పుట్టించేవాణ్ణి వదిలేసి, భయపడేవాళ్లకు అవగాహన సదస్సులు పెట్టటం ఎక్కడి న్యాయం?

మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. వాళ్లకు అమ్మ కూడా ఏం చెప్పదు. చేతిలో ఫోనే గురువు. ఆడపిల్ల ‘వద్దు’ అంటే ‘అవును’ అని సినిమా నేర్పింది, మిగతాది ఫోను నేర్పింది. ఇష్టం, అయిష్టం, అడగటం, ఆగటం అనే మాటలు వాడికి ఎవరూ నేర్పరు. పై కులం పిల్లతో మాట్లాడితే ఏమవుతుందో మాత్రం వాడికి తెలుసు. 2012లో వచ్చిన పోక్సో చట్టం అంగీకార వయసును 16నుంచి 18కి పెంచింది. పసిపిల్లల మీద అత్యాచారాలను శిక్షించటానికి ఆ చట్టం కావాలి. కానీ పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి వెళ్లిపోయినా అదే చట్టం వర్తిస్తుంది. ఆ చట్టాన్ని తీసుకుని స్టేషన్‌కు పోయేది ఎక్కువగా ఆడపిల్ల తండ్రి, లోపలికి పోయేది పిల్లవాడు. పిల్ల పై కులం, పిల్లవాడు మా కులం అయితే ఆ కేసు ఎంత తొందరగా నడుస్తుందో వాడల్లో అందరికీ తెలుసు. 2023లో లా కమిషన్ ఆ వయసు తగ్గించవద్దనే చెప్పింది.

వయసు నిండినా ఒరిగేదేమీ లేదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను హాస్పిటల్ బయట, గర్భంతో ఉన్న భార్య కండ్లముందే నరికి చంపారు. ఇద్దరూ మేజర్లే, చట్టప్రకారం పెళ్లి చేసుకున్నవాళ్లే. హత్య చేయించింది పిల్ల తండ్రి అని కేసు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ‘ఆరోగ్యకరమైన మానవ సంబంధాలు’ అని పాఠం చెప్పే టీచరు ఈ హత్య గురించి క్లాసులో ఏం చెపుతుంది? చెప్పకపోతే ఆ పాఠం దేనికి?

మన ఇంటి మౌనం

ఇంతదాకా అవతలివాళ్లను అడిగాం. ఇక మనల్ని మనం అడగాలి. దళిత ఉద్యమం ఈ విషయంలో ఏం మాట్లాడింది? కారంచేడు మాట్లాడాం, చుండూరు మాట్లాడాం, వర్గీకరణ మాట్లాడాం, రిజర్వేషన్లు మాట్లాడాం. హాస్టళ్లలో పురుగుల అన్నం మీద ధర్నాలు చేశాం. అదే హాస్టల్లో ఆడపిల్లల ఒంటి గురించి, మగపిల్లల ఒంటి గురించి ఒక్క కరపత్రం వేశామా? మీటింగుల్లో ఎవరన్నా అక్క లేచి ఈ మాట ఎత్తితే "ఇప్పుడు అది ముఖ్యం కాదు, ఐక్యత దెబ్బతింటుంది" అన్నవాళ్లు మన అన్నలే. పై కులపోడు మన ఆడపిల్లను చెరిస్తే అత్యాచారం, మన ఇంట్లోవాడు చెరిస్తే గుట్టు. అగ్రవర్ణ మర్యాద అనేదాన్ని తిడుతూనే దాన్ని వాడకు తెచ్చుకున్నాం.

బాబాసాహెబ్ అట్లా చేయలేదు. 1934లో బొంబాయి హైకోర్టులో ఒక కేసు నడిచింది. ర.ధో. కర్వే అనే ఆయన ‘సమాజ్ స్వాస్థ్య’ అనే మరాఠీ పత్రికలో లైంగిక విషయాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసినందుకు అశ్లీలమని కేసు పెట్టారు. ఆయన తరఫున వాదించిన లాయరు అంబేద్కర్. లైంగిక విషయాల గురించి రాయటమే అశ్లీలం కాదని వాదించాడు. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ మీద అంబేద్కర్ తయారుచేసిన తీర్మానాన్ని ఆయన తరఫున పి.జె. రోహమ్ ప్రవేశపెట్టాడు. అదీ ఓడిపోయింది. మహద్ చెరువు గురించి చెప్పని దళిత సభ ఉండదు. ఈ రెండు ఓటములగురించి చెప్పిన సభ మేము చూడలేదు. ఎందుకు? మనకూ సిగ్గు నేర్పారు గనక. తొంభై ఏళ్ల కింద ఆయన కోర్టులో నిలబడి చెప్పినదాన్ని మనం వాడలో నిలబడి చెప్పలేకపోతున్నాం.

ఏం చేయాలి?

మేము అడిగేది ఒక అధ్యాయం కలపమని కాదు. ఒకటి, పాఠం మొదటి మాట ఎయిడ్స్ కాకూడదు, బ్రహ్మచర్యమూ కాకూడదు, ‘ఒప్పుదల’ కావాలి. ఈ ఒళ్లు నీది, నీ ఇష్టం లేకుండా దొరా, డాక్టరూ, మొగుడూ, దేవుడూ ఎవరూ ముట్టుకోరాదు అనేది పిల్లకూ పిల్లవాడికీ తెలియాలి. ఖమ్మంలో కరువైంది ఇదే. రెండు, అంటు, మైల అనే ఆలోచనను బహిష్టు దగ్గరా కులం దగ్గరా ఒకేసారి పట్టుకుని చెప్పాలి. ఒకటి వదిలి ఒకటి చెపితే రెండూ మిగులుతాయి. మూడు, పాఠాలు వాడ తెలుగులో ఉండాలి. మా తల్లులు మాట్లాడే మాటలను బూతుపద్దులోంచి తీసి పుస్తకంలో రాయాలి. నాలుగు, ‘ఇంట్లో చదువుకోండి’ అనే మాట ఏ టీచరు నోటా రాకూడదు. ఇంట్లో చెప్పేవాళ్లు లేకనే బడికి పంపారు. ఐదు, హాస్టళ్లలో పదో తరగతి అక్కలు ఎప్పటినుంచో చేస్తున్న పనిని ప్రభుత్వం గుర్తించాలి. వాళ్లకూ, పై తరగతి అన్నలకూ శిక్షణ ఇచ్చి, పుస్తకాలిచ్చి, ఒక నర్సును అందుబాటులో ఉంచాలి.

2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పిల్లల అశ్లీల చిత్రాల కేసులో తీర్పు ఇస్తూ, సమగ్ర లైంగిక విద్య కావాలని, దాని గురించి ఉన్న అపోహలు పోవాలని చెప్పింది. రేపు కొత్త పుస్తకాలు వస్తాయి, కమిటీలు వేస్తారు. ఆ కమిటీల్లో డాక్టర్లుంటారు, విద్యావేత్తలుంటారు. హాస్టల్లో పెరిగినవాళ్లు ఉంటారా? జోగినుల కూతుళ్లు ఉంటారా? పారిశుధ్య కార్మికులు ఉంటారా? వాళ్లు లేకుండా రాసిన పుస్తకంలో మళ్లీ అదే బొమ్మ ఉంటుంది. ఊపిరీ, ఊరూ, కులమూ లేని బొమ్మ. మన పిల్లలు మళ్లీ గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు.

అందుకే ఈ చర్చ కమిటీల కోసం ఆగకూడదు. ఇది చదివే టీచర్లు చాలామంది మనవాళ్లే, మన హాస్టళ్లలో పెరిగినవాళ్లే. రేపు ఆ పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూయకండి. విద్యార్థి సంఘాల మిత్రులు హాస్టల్ సమస్యల జాబితాలో అన్నం, దుప్పట్ల పక్కన దీన్ని కూడా రాయండి. మన అక్కలు, చెల్లెళ్లు ఈ పత్రికలో తమ హాస్టల్ రోజుల గురించి రాయాలని కోరుతున్నాం. ఆ పాఠం మనం రాయకపోతే మన గురించి ఇంకెవరో రాస్తారు, వార్డెన్ సంతకం పెడతాడు.